ఓటీపీయే సంతకమైన చోట: జీవిత బీమా ఈ-సైన్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

జీవిత బీమాలో పెన్నూ కాగితం పోయి ఓటీపీతో చేసే ఎలక్ట్రానిక్ సంతకం (ఈ-సైన్) వచ్చాక నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకుల నుంచి ఉత్తరాలు ఎక్కువయ్యాయి. ఆలస్యమైతే డబ్బు పోయే సందేహాలను ముందు తీసుకున్నాం. పేర్లు అచ్చు వేయడం లేదు.

ప్రశ్న: ఏజెంటన్న మా ఇంటికి వచ్చి ట్యాబులో వివరాలన్నీ నింపుకున్నాడు. ఫోనుకు ఆరంకెల నంబరు వస్తే చెప్పమన్నాడు, చెప్పేశాను. ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టలేదు. ఈ పాలసీ చెల్లుతుందా? (గృహిణి, కావలి)

చెల్లుతుందమ్మా. మీరు చెప్పిన ఆ ఆరంకెలే మీ సంతకం. "నేనేం సంతకం పెట్టలేదు కదా" అని మాత్రం అనుకోకండి. మీ ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి. 2000 నాటి ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రికార్డుకు, దాని మీద చేసే డిజిటల్ సంతకానికి గుర్తింపు ఇచ్చింది. 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో 'ఎలక్ట్రానిక్ సంతకం' అనే విశాలమైన మాట చట్టంలో చేరింది. ఎలక్ట్రానిక్‌గా కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని 10ఏ సెక్షన్ చెబుతుంది. ఆధార్ ఆధారంగా చేసే ఈ-సైన్‌ను 2015లో ఆ చట్టం రెండో షెడ్యూల్లో చేర్చారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఈ-పాలసీలకు 2016లో నియమాలు తెచ్చింది. కరోనా కాలంలో, 2020 ఆగస్టులో, ప్రపోజల్ ఫారం (పాలసీకి పెట్టుకునే దరఖాస్తు) మీద సిరా సంతకం లేకున్నా ఓటీపీతో ఒప్పుకోలు తీసుకోవచ్చని సడలింపు ఇచ్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త నియమాల ప్రకారం పాలసీని ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వడం తప్పనిసరి. కాగితం బాండు కూడా కావాలనుకుంటే ప్రపోజల్ దశలోనే ఆ మాట చెప్పండి.

ట్యాబు మీద జరిగే సంతకాలన్నీ ఒకటి కావు. వేలితో గీకితే తెర మీద పడే సంతకం ఒట్టి బొమ్మ. కంపెనీ పంపిన లింకు తెరిచి ఓటీపీ కొడితే అది ఒప్పుకోలు. ఫలానా నంబరు నుంచి ఫలానా సమయానికి ఒప్పుకున్నారని కంపెనీ సర్వర్లో నమోదవుతుంది. ఆధార్ సంస్థ పంపే ఓటీపీతో చేసే ఈ-సైన్ వేరు. దానికి చట్టం దృష్టిలో సిరా సంతకంతో సమానమైన విలువ ఉంది. మీరు చేసింది ఏదో తెలియాలంటే ఆ రోజు వచ్చిన ఎస్సెమ్మెస్ తీసి చూడండి. అది ఆధార్ పేరు మీద వచ్చిందా, బీమా కంపెనీ పేరు మీద వచ్చిందా అన్నది అందులోనే ఉంటుంది.

ఈ వారంలోనే ఒక పని చేయండి. పాలసీతో పాటు వచ్చిన పీడీఎఫ్‌లో మీ ప్రపోజల్ ఫారం నకలు ఉంటుంది. అందులో ఆరోగ్యం ప్రశ్నలు, నామినీ పేరు, మీ మొబైల్ నంబరు, ఈమెయిల్, ఎన్నేళ్లు ప్రీమియం కట్టాలి అన్న గడి, ఈ అయిదూ చదవండి. మీరు చెప్పింది ఒకటి, అందులో ఉన్నది ఒకటి అయితే పాలసీ అందిన రోజు నుంచి 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. దీన్నే ఫ్రీ లుక్ అంటారు. అన్నాళ్లు కవరేజీ ఇచ్చినందుకు అయ్యే కొద్దిపాటి ప్రీమియం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. పాలసీ ఈమెయిల్‌కు వస్తే అది చేరిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఫారంలో ఏజెంటు తన సొంత ఈమెయిల్ రాసి ఉంటే ఆ 30 రోజులు మీకు తెలియకుండానే గడిచిపోతాయి. అందుకే ఈమెయిల్ గడి చూడమంటున్నాం.

ప్రశ్న: ఇంట్లో అయిదుగురి ఆధార్‌లకూ మా ఆయన నంబరే ఇచ్చాం. ఇప్పుడు నా పేరు మీద పాలసీ తీసుకుంటున్నారు. ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది. ఏమన్నా ఇబ్బందా? (ఉదయగిరి మండలం)

ఇబ్బందే. మాకు వచ్చిన ఉత్తరాలన్నిటిలో దీనికే ఎక్కువ జాగా ఇవ్వాలనుకున్నాం.

ఒకే నంబరు చాలా ఆధార్‌లకు ఇవ్వడంలో తప్పు లేదు. ఆధార్ సంస్థ దానికి అడ్డు చెప్పదు. కానీ మీ పేరుతో చేసే ఈ-సైన్ ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటే వారి చేతిలో ఉన్నట్టే. మీరు పొలంలో ఉన్నా, పుట్టింట్లో ఉన్నా మీ సంతకం అయిపోతుంది. పాలసీ మీద లోను తీసినా, సరెండర్ చేసినా (గడువుకు ముందే పాలసీ వదులుకున్నా), నామినీ మార్చినా ఓటీపీ పోయేది ఆ ఫోనుకే. మీ ఆయన మంచివారే అయి ఉండవచ్చు. ఆ ఫోను పోయినా, ఎవరైనా కొట్టేసినా అయిదుగురి సంతకాలూ ఒక్కసారే పోతాయి.

అంతకంటే పెద్ద కష్టం ఇంకొకటుంది. ఆయన పాలసీకి నామినీ మీరే అనుకుందాం. ఆయనకు ఏదైనా జరిగితే కొన్నాళ్లకు ఆ సిమ్ రీచార్జి లేక ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే మీకు ఓటీపీలు కావాలి. నామినీగా మీ కేవైసీకి, బ్యాంకు ఖాతాకు, ఆధార్‌లో ఏదైనా సరిదిద్దుకోవడానికి అన్నిటికీ కావాలి. అన్నీ ఆగిపోయిన నంబరుకే వెళతాయి. వాడకంలో లేని నంబరును టెలికాం కంపెనీ కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. మీ ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్లో మోగుతుంది.

కాబట్టి పాలసీ వారం ఆగినా పరవాలేదు. ముందు మీ పేరు మీద ఒక సిమ్ తీసుకోండి. తర్వాత ఆధార్‌లో నంబరు మార్పించుకోండి. దీనికి ఏ పత్రమూ అక్కరలేదు. మీరు వెళ్లి వేలిముద్ర పెట్టాలి, అంతే. ఆధార్ సేవలు ఉన్న సచివాలయంలోనో, పోస్టాఫీసులోనో చేస్తారు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ తరఫున పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి మార్చే ఏర్పాటు 2021 నుంచి ఉంది. రసీదు దాచుకోండి. మార్పు అయిందో లేదో మైఆధార్ వెబ్‌సైటులో 'వెరిఫై ఈమెయిల్/మొబైల్' అన్న చోట ఆధార్ నంబరు, కొత్త మొబైల్ నంబరు కొడితే చెబుతుంది. అయ్యాక బ్యాంకులో మార్పించండి. చివరగా బీమా కంపెనీలో మార్పించండి. ఈ వరుస తప్పకండి. బీమా వాళ్లు మీ మార్పును ఆధార్ ఓటీపీతో సరిచూడవచ్చు కనుక ఆధార్ పాతదే ఉంటే పని మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పటికే ఇంటాయన పోయిన కుటుంబాలకు ఒక్క మాట. సిమ్‌ను అప్పుడే ఆపేయకండి, క్లెయిము ముగిసేదాకా రీచార్జి చేస్తూ ఉండండి. మరణ ధ్రువపత్రం చూపి ఆ నంబరును మీ పేరుకు మార్చుకునే వీలు కూడా టెలికాం కంపెనీలో ఉంటుంది. ఓటీపీ రావడం లేదని క్లెయిము మానుకోవద్దు. మరణ ధ్రువపత్రం, పాలసీ పత్రం, మీ గుర్తింపు కార్డు, బ్యాంకు పాసుబుక్కుతో బ్రాంచిలో కాగితం మీదే క్లెయిము ఇవ్వవచ్చు.

ప్రశ్న: చీమకుర్తిలో రాళ్లు పాలిష్ చేసే పని. వేలిముద్రలు మెషీను తీసుకోవడం లేదు. ఈ-సైన్ నాకు కుదరదంటున్నారు.

కుదురుతుంది. ఈ-సైన్‌కు వేలిముద్ర ఒక్కటే దారి కాదు, ఆధార్‌తో జతచేసిన మొబైల్‌కు వచ్చే ఓటీపీ చాలు. మీది నంబరు జతకాని ఆధార్ అయి ఉండాలి. అందుకే ఆ ఏజెంటు వేలిముద్ర మెషీను తెచ్చాడు.

నంబరు జత చేయించడానికి ఆధార్ కేంద్రానికి వెళ్లినప్పుడు వేళ్లు పడకపోతే కంటిపాపతో సరిచూడమని అడగండి. పదివేళ్లలో ఏది బాగా పడుతుందో కూడా వాళ్లే చూసి చెబుతారు.  రాతిపొడి నీళ్లలో నానిన వేళ్లు, ఐసులో రొయ్యలు గ్రేడింగు చేసిన వేళ్లు, బ్యారనులో పొగాకు తీసిన వేళ్లు పనిలోంచి నేరుగా వస్తే పడవు. గీతల మధ్య పొడీ జిగురూ ఉంటాయి, తోలు ముడతలు పడి ఉంటుంది. సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, ఒక గంట ఆగి పెట్టండి. సెలవు రోజు పొద్దున వెళ్తే ఇంకా మంచిది. ఫోన్లో ఎప్పుడైనా మీ ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ పెట్టి మరిచిపోయి ఉన్నా వేలిముద్ర పడదు. అదీ చూసుకోండి.

ప్రశ్న: నాకు ఆరేళ్లుగా షుగరు. మాత్రలు వాడుతున్నానని ఏజెంటుకు చెప్పాను. ఆయన పరవాలేదులే అని "లేదు" అని పెట్టాడంట. నేను చూడకుండా ఓటీపీ చెప్పాను. పాలసీ వచ్చి ఇరవై రోజులైంది. (సింగరాయకొండ)

మీరు రాసి మంచి పని చేశారు. దీన్ని ఈరోజే సరిచేయాలి, రేపటికి వాయిదా వేయకండి.

బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ ఇచ్చిన తేదీ, రిస్కు మొదలైన తేదీ, పాలసీ పునరుద్ధరించిన తేదీ, రైడరు (పాలసీకి జోడించే అదనపు కవరేజీ) చేరిన తేదీ, వీటిలో ఏది ఆఖరుదో దాని నుంచి మూడేళ్లు దాటితే ఏ కారణంతోనూ కంపెనీ పాలసీని ప్రశ్నించలేదు. ఆ మూడేళ్ల లోపు ప్రశ్నించవచ్చు. మోసం కాదు, తప్పుడు సమాచారం మాత్రమే అని తేలి క్లెయిము తిరస్కరిస్తే కట్టిన ప్రీమియం 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. మోసం అని తేలితే అదీ రాదు.

ఏజెంటుకు చెప్పానన్నారు కదా. బీమా ఒప్పందం కుదిర్చే మనిషిని ఆ ఒప్పందం మేరకు కంపెనీ ఏజెంటుగానే చూడాలని అదే సెక్షన్‌లో వివరణ ఉంది. కంపెనీకి తెలిసిన విషయాన్ని దాచారని మోసం కింద తిప్పికొట్టడానికి వీల్లేదు. కానీ మీరు చెప్పారని ఎవరు రుజువు చేయాలి? అప్పటికి మీరు ఉండరు. మీ ఆవిడ చేయాలి. ఆమె చేతిలో ఏముంటుంది? అటువైపు మాత్రం మీ ఈ-సైన్ ఉన్న ఫారం, 'లేదు' అన్న గడి, ఓటీపీ కొట్టిన నిమిషం, ఐపీ అడ్రసు, వెరిఫికేషన్ కాల్ రికార్డింగు అన్నీ ఉంటాయి. కాగితం రోజుల్లో 'చేతిరాత ఏజెంటుది' అని చూపించే వీలన్నా ఉండేది. తెర మీద రాత అందరిదీ ఒకటే.

కాబట్టి బ్రాంచికి ఉత్తరం ఇవ్వండి. అందులో కథలు వద్దు, ఇది చాలు:

"ఫలానా నంబరు పాలసీకి ఫలానా తేదీన ఈ-సైన్ చేసిన ప్రపోజల్ ఫారంలో షుగరు ప్రశ్నకు 'లేదు' అని నమోదైంది. నేను ఫలానా సంవత్సరం నుంచి షుగరుకు మందులు వాడుతున్నాను. మందుల చీటీలు, పరీక్ష రిపోర్టులు జతచేశాను. ఈ విషయం నా ప్రపోజల్ రికార్డులో చేర్చి, పాలసీపై మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలపగలరు."

నకలు మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. అదే ఉత్తరాన్ని మీ ఈమెయిల్ నుంచి కంపెనీ కస్టమర్ సర్వీసుకూ పంపండి. జతచేయాల్సింది మొదట షుగరు కనబడినప్పటి చీటీ, ఇప్పటి చీటీ, ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) రిపోర్టు. కంపెనీ అదనపు ప్రీమియం అడగవచ్చు, పరీక్షలకు పంపవచ్చు, వద్దనీ అనవచ్చు. అదనపు ప్రీమియం కట్టి నిజంతో ఉన్న పాలసీ, తక్కువ ప్రీమియంతో అబద్ధం మీద నిలబడిన పాలసీ కంటే మీ ఇంటికి మేలు చేస్తుంది. మీకు ఫ్రీ లుక్‌లో ఇంకా పది రోజులున్నాయి. జవాబు వచ్చేలోపు రద్దుకు తొందరపడకండి గానీ, ఆ పదో రోజును మాత్రం క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: దర్శి ప్రాంతంలో ఏజెంటును. ఈ-సైన్ మధ్యలో ఆగిపోయి కస్టమరు విసుక్కుంటున్నాడు. ఎక్కడ తప్పు జరుగుతోంది?

ఈ-సైన్‌లో లోపల జరిగేది ఒకసారి తెలుసుకుంటే మీకు సగం చిక్కులు పోతాయి. మీరు 'సైన్' నొక్కగానే పూర్తయిన ఫారం నుంచి యాప్ ఒక హ్యాష్ తీస్తుంది. అది 64 అక్షరాల గుర్తు. ఫారంలో ఒక్క కామా మారినా ఆ 64 అక్షరాల గుర్తే మారిపోతుంది. ఆ గుర్తు ఒక్కటే ఈ-సైన్ సేవ ఇచ్చే సంస్థకు వెళుతుంది, ఫారం వెళ్లదు. ఆ సంస్థ కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ (సీసీఏ, డిజిటల్ సంతకాలపై ప్రభుత్వ నియంత్రణాధికారి) లైసెన్సు కింద పనిచేస్తుంది. ఆధార్ ఓటీపీ సరిపోతే కస్టమరు పేరు మీద అప్పటికప్పుడు ఒక తాళం జత పుట్టించి, దాంతో సంతకం వేసి, రహస్య తాళాన్ని అక్కడికక్కడే చెరిపేస్తుంది. సర్టిఫికెట్ గడువు 30 నిమిషాలే. అంటే ఒక్క ఫారానికి ఒక్క సంతకం. సంతకం అయ్యాక నామినీ పేరులో ఒక అక్షరం దిద్దినా ఆ సంతకం పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి ఓటీపీ. మీకు ఆగిపోతున్నవాటిలో చాలావరకు ఇదే కారణం అయి ఉంటుంది. సంతకానికి ముందు ఫారం మొత్తం కస్టమరుకు చదివి వినిపిస్తే దిద్దుబాట్లు అక్కడే అయిపోతాయి.

రెండో కారణం పేరు. ఈ-సైన్ మీద పడే పేరు ఆధార్‌లోది. పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉండి, మీరు ఫారంలో మూడో రకంగా రాస్తే సిస్టమ్ ఒప్పుకోదు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది మన జిల్లాల్లో నిత్యం వచ్చే తగువు. ఇంటికి వెళ్లకముందే ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు ఫొటోలు తెప్పించుకుని మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పుట్టిన సంవత్సరం కూడా చూడండి. ఆధార్‌లో ఏడాది మాత్రమే ఉన్న పెద్దలు ఇంకా ఉన్నారు.

మూడోది సిగ్నల్. ఆధార్ ఓటీపీ పది నిమిషాలు పనిచేస్తుంది. రాలేదని వెంటవెంటనే మళ్లీ అడిగితే ఆఖరుగా వచ్చిందే చెల్లుతుంది. పాతది కొడితే తప్పు అంటుంది. ఒకసారి పంపి రెండు నిమిషాలు ఆగండి. కొండ పక్క ఊళ్లలో ముందే సిగ్నల్ చూసుకుని కూర్చోండి.

భర్త ప్రపోజరు (పాలసీకి దరఖాస్తు చేసే మనిషి), భార్య పేరు మీద పాలసీ అయితే ఇద్దరి ఓటీపీలూ కావాలి, రెండు ఫోన్లూ దగ్గరుండాలి. మైనరు పిల్లల పాలసీకి ప్రపోజరుగా తల్లో తండ్రో చేస్తే చాలు. ఎల్‌ఐసీ ఏజెంట్లకు 2020 నవంబరు నుంచి ఉన్న ఆనంద యాప్‌లోనూ ఆధార్ ద్వారానే సరిచూస్తారు కాబట్టి ఈ జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

ఇంకొక్కటి, గట్టిగానే చెబుతున్నాం. ఓటీపీ కస్టమరే తన చేత్తో కొట్టాలి. "చెప్పండి సార్, నేను కొడతాను" అనే అలవాటు మానండి. మీ నంబరును కస్టమరు నంబరుగా ఎప్పుడూ రాయకండి. వేరొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్నో పాస్‌వర్డునో మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. మీరు మోసం చేయాలనుకోకపోయినా, రేపు గొడవ వస్తే కంపెనీ సర్వర్ నమోదుల్లో కనిపించేది మీ ఫోనే.

ప్రశ్న: ఈ-పాలసీ పీడీఎఫ్ కంప్యూటర్లో తెరిస్తే సంతకం దగ్గర పసుపు ప్రశ్న గుర్తు వస్తోంది. నకిలీ పాలసీ ఇచ్చారా? (ఒంగోలు)

ప్రశ్న గుర్తు వచ్చినంత మాత్రాన నకిలీ అయిపోదు. సంతకం చేసిన సర్టిఫికెట్‌కు పైన ఉన్న భారత ప్రభుత్వ మూల సర్టిఫికెట్‌ను మీ కంప్యూటర్లోని అడోబ్ రీడర్ నమ్మకమైన వాటి జాబితాలో పెట్టుకోలేదని అర్థం. సంతకం మీద రైట్ క్లిక్ చేసి 'సిగ్నేచర్ ప్రాపర్టీస్', అందులో 'షో సైనర్స్ సర్టిఫికెట్' తెరవండి. కనబడే వరుసలో అన్నిటికంటే పైన 'సీసీఏ ఇండియా' అని ఉంటే దాన్ని ఎంచుకుని 'ట్రస్ట్' ట్యాబులో 'యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్' నొక్కండి. ఫైలు మూసి తెరిస్తే ఆకుపచ్చ టిక్కు వస్తుంది. పైన ఆ పేరు లేకపోతే చేర్చకండి, కంపెనీని అడగండి. ఎర్ర గుర్తు వస్తే మాత్రం సంతకం తర్వాత ఫైలు మారి ఉండవచ్చు. దాన్ని పట్టుకోకుండా కంపెనీ వెబ్‌సైటు నుంచి మళ్లీ దించుకోండి. ఫోన్లోని మామూలు పీడీఎఫ్ యాప్‌లు ఈ పరీక్ష చేయవు.

ప్రింటు తీసుకుని బీరువాలో పెట్టుకుంటే తప్పు లేదు, కానీ ఆ కాగితంలో సంతకం ఉండదు, సంతకం బొమ్మ ఉంటుంది. అసలు సంతకం ఫైలులోనే ఉంది. స్క్రీన్‌షాట్‌లోనూ ఉండదు. వాట్సాప్‌లో ఇంట్లోవాళ్లకు పంపేటప్పుడు ఫొటోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఈమెయిల్లో ఒకటి ఉంచండి. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఈ చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అసలు ఫైలు లేకపోతే హ్యాష్ ఎక్కడి నుంచి తెస్తారు?

అన్ని కంపెనీల పాలసీలనూ ఒక్కచోట ఉంచుకునే ఈ-ఇన్సూరెన్స్ ఖాతా కూడా ఉంది. ఇన్సూరెన్స్ రిపాజిటరీలు (పాలసీలను ఎలక్ట్రానిక్‌గా భద్రపరిచే సంస్థలు) దాన్ని ఉచితంగా తెరుస్తాయి. ఒక మనిషికి ఒకే ఖాతా. అందులో ఒక అధీకృత ప్రతినిధి పేరు ఇవ్వవచ్చు. మీ తర్వాత పాలసీల వివరాలు ఆయనకు తెలుస్తాయి. డబ్బు మాత్రం నామినీకే వెళుతుంది, ప్రతినిధికి రాదు.

ప్రశ్న: మా అమ్మకు చదువు రాదు, నిశానీ వేస్తుంది. ఈ-సైన్ చేయించవచ్చా? (పొదలకూరు)

చేయించవచ్చు, అది చెల్లుతుంది. కానీ ఈ-సైన్ యంత్రానికి చదివిన మనిషీ చదవని మనిషీ ఒకటే. కాగితం ఫారంలో నిశానీ వేస్తే, కంపెనీతో సంబంధం లేని, ఊళ్లో అందరూ ఎరిగిన మనిషి ఒకరు "అంతా తెలుగులో చదివి వినిపించాను, అర్థం చేసుకుని వేలిముద్ర వేశారు" అని సంతకం పెట్టాలి. ఆ ఏర్పాటు అమ్మలాంటివారి రక్షణ కోసమే ఉంది. ట్యాబులో చేసినా ఆ డిక్లరేషన్ గడి ఉందో లేదో చూడండి, ఏజెంటు కాకుండా వేరొకరి పేరు రాయించండి. గడి లేకపోతే కాగితం ఫారం అడగండి. మా సలహా అయితే అమ్మ విషయంలో కాగితమే మేలు.

ప్రశ్న: ఇంటి లోనుకు బ్యాంకువాళ్లు పాలసీ అసైన్ చేయమన్నారు. అదీ ఈ-సైన్‌తో అవుతుందా? అలాగే పాలసీ డబ్బు ఎవరికి ఎంతో వీలునామా ఈ-సైన్‌తో రాయవచ్చా? (కోవూరు)

అసైన్‌మెంట్‌కు, అంటే పాలసీ హక్కును బ్యాంకుకు రాసివ్వడానికి, బీమా చట్టం 38వ సెక్షన్ ప్రకారం మీ సంతకంతో పాటు కనీసం ఒక సాక్షి సంతకం ఉండాలి. బ్రాంచిలో ఫారం తీసుకుని పెన్నుతోనే పూర్తి చేయండి, బీమా కంపెనీ రికార్డులో నమోదైనట్టు రాతపూర్వక రసీదు తీసుకోండి. లోను తీరాక తిరిగి మీ పేరుకు రాయించుకోవడం మరవకండి.

వీలునామాకు ఈ-సైన్ పనికిరాదు. ఐటీ చట్టం మొదటి షెడ్యూల్ వీలునామాను పక్కన పెట్టింది. 2022లో ఆ షెడ్యూల్‌ను సవరించినా వీలునామా విషయం మారలేదు. కాగితం మీద, ఇద్దరు సాక్షులతో రాయండి. భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులను నామినీగా పెడితే 39వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బుకు వాళ్లే హక్కుదారులు. నామినీ పేరు ముందు సరిగ్గా ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: నేను చెప్పని పాలసీ ఒకటి నా పేరు మీద వచ్చింది. ఖాతాలో డబ్బు పోయింది. బ్యాంకు పని అని ఓటీపీ అడిగి సంతకం చేయించుకున్నారు. ఎవరికి చెప్పాలి? (ఒంగోలు)

30 రోజులు దాటకపోతే ముందు ఫ్రీ లుక్ కింద రద్దు ఉత్తరం ఇవ్వండి. అందులో గొడవ పడాల్సిన పనే లేదు, డబ్బు తొందరగా వస్తుంది. దాటితే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఎల్‌ఐసీ అయితే నెల్లూరులో డివిజనల్ ఆఫీసు ఉంది. ఉత్తరంలో మూడు అడగండి: ఈ-సైన్ ఏ నంబరుకు వచ్చిన ఓటీపీతో జరిగింది, ఎన్ని గంటలకు జరిగింది, వెరిఫికేషన్ కాల్ రికార్డింగు ఎక్కడ ఉంది. ఆ వివరాలు కంపెనీ దగ్గర తప్పక ఉంటాయి. ఓటీపీ వచ్చిన సందేశాన్ని మీ ఫోన్లోంచి చెరిపేయకండి, అదే మీ సాక్ష్యం.

జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్లో గానీ 155255 నంబరుకు ఫోన్ చేసి గానీ నమోదు చేయండి. కంపెనీకి రాసి నెల గడిచినా తేలకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ (బీమా వివాదాలు తీర్చే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆయన పరిధిలోదే. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. మీకు ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్లో ఓటీపీ అడిగి చేసిన మోసమైతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కూడా చెప్పండి.

ప్రశ్న: కువైట్‌లో ఉంటున్నా. ఇక్కడి నుంచే ఈ-సైన్ చేయవచ్చా? (ఆత్మకూరు వాసి)

మీ ఇండియా సిమ్‌కు అక్కడ ఎస్సెమ్మెస్ వస్తుంటే ఆధార్ ఓటీపీ వస్తుంది. వెళ్లేముందు రోమింగ్ ఆన్ చేయించి, రీచార్జి పోకుండా చూసుకోవాలి. 90 రోజులు వాడకుండా, బ్యాలెన్సు లేకుండా వదిలితే నంబరు పోయే ప్రమాదం ఉంది. సిమ్ ఇంట్లో తమ్ముడి ఫోన్లో వేసి, వాట్సాప్‌లో ఓటీపీ తెప్పించుకోవడం చాలామంది చేస్తున్నారు. అలా చేస్తే మీ సంతకం తమ్ముడి జేబులో పెట్టినట్టే. ప్రపోజల్ ఫారంలో మీరు విదేశంలో ఉంటున్నట్టు, అక్కడ చేసే పని ఏమిటో తప్పక రాయండి. ఊళ్లోనే ఉన్నట్టు రాసిన ఫారం మీద ఈ-సైన్ పడితే సింగరాయకొండ పాఠకుడి షుగరు లాంటి చిక్కే మీకూ వస్తుంది.

ప్రశ్న: బ్యాంకు యాప్‌లో ఏదో నొక్కితే ఏటా 436 రూపాయలు పోతున్నాయి. (టంగుటూరు)

అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా. 18 నుంచి 50 ఏళ్లలోపు వాళ్లు చేరవచ్చు, రెండు లక్షల కవరేజీ, జూన్ 1 నుంచి మే 31 వరకు. మీరు నొక్కినది ఏటా ఖాతాలోంచి తీసుకోవడానికి ఇచ్చిన ఒప్పుకోలు. వద్దంటే బ్యాంకుకు రాసిస్తే ఆపేస్తారు. మా మాట అడిగితే ఉంచుకోండి, నామినీ పేరు ఎవరిదుందో మాత్రం బ్యాంకుకు వెళ్లి చూసుకోండి.